నల్ల మొగ్గలోంచి తీసిన రంగు

మాఘం చివర్లో మా ఊరి గుట్ట కింద మోదుగు చెట్లను చూస్తే, ఎవరో నిప్పు పెట్టి పోయారనిపిస్తుంది. ఒక్క ఆకు ఉండదు. వంకర కొమ్మలు, పగుళ్ళు తేలిన బెరడు, కొమ్మల చివర్లలో గుత్తులు గుత్తులుగా మసిబొగ్గు ముద్దలు. దగ్గరికి వెళ్ళి వేలితో తాకితే తెలుస్తుంది, అవి మొగ్గలని. పై ముచ్చిక మఖమల్ గుడ్డలా మెత్తగా, పచ్చదనం కలిసిన నలుపుతో ఉంటుంది. దాన్ని గోటితో చీలిస్తే లోపల నారింజ రంగు సన్నగా తొంగిచూస్తుంది.

మా మేనత్త ఏటా ఎదురుచూసేది ఆ నలుపు కోసమే. విరగబూసిన చెట్టును అందరూ చూస్తారు, బస్సు కిటికీలోంచి కూడా కనబడుతుంది. ఆమె మాత్రం మొగ్గ కట్టిన నాడే గుట్ట కిందికి వెళ్ళి, ఏ చెట్టు ముందు విచ్చుతుందో, ఏది వెనకబడుతుందో చూసి వస్తుంది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. కామునిపున్నమికి ఊరందరికీ మోదుగుపూల రంగు కాచేది ఆమే. ఎవరూ పురమాయించలేదు, ఎవరూ పైసా ఇవ్వరు. నాలుగేళ్ళుగా ఆ పొయ్యి పక్కన కూర్చుని చూస్తున్నాను. చూసిన కొద్దీ ఆ పనితనం మీద నాకు గౌరవం పెరుగుతోంది.

ముందు చెట్టు సంగతి. తెలంగాణలో మోదుగు తెలియని పల్లె లేదు. మూడేసి ఆకులుగా వచ్చే ఈ చెట్టు ఆకుల్ని పుల్లలతో కుట్టి విస్తళ్ళు చేసుకున్నాం, పెళ్ళిళ్ళలో వాటి మీదే తిన్నాం. దాశరథి రంగాచార్య నిజాం కాలపు తెలంగాణ మీద రాసిన నవలకు ‘మోదుగుపూలు’ అని పేరు పెట్టారంటే, ఇక్కడి మనిషికి ఈ పూవు ఎంత దగ్గరిదో అర్థమవుతుంది. ఎండలు ముదిరి, చెరువు అడుగంటి, పశువు నోటికి పచ్చగడ్డి దొరకని రోజుల్లో ఇది పూస్తుంది. ముందు పూలు, ఆ తరువాతే ఆకులు. తనకు నీడలేని వేళ పూత పెట్టుకునే ఈ తీరు మీద నాకు చిన్నప్పటి నుంచీ ప్రేమ.

పూవును చేతిలోకి తీసుకుని చూడండి. అయిదు రేకలు. ఒకటి వెనక్కి వాలి విప్పారి ఉంటుంది, రెండు చిన్నవి పక్కల రెక్కల్లా ఉంటాయి. మిగతా రెండూ కలిసి కిందికి వంగి, అచ్చం చిలుక ముక్కులా తయారవుతాయి. సంస్కృతంలో దీన్ని కింశుకం అన్నది అందుకే. ఇది చిలుకా ఏమిటి అని అడిగినట్టు ఉంటుంది ఆ పేరు. రేక మీద సన్నని వెండి నూగు ఉంటుంది. ఉదయపు ఎండ ఏటవాలుగా పడినప్పుడు పూవు లోపలి నుంచి వెలిగినట్టు కనిపించేది ఆ నూగు వల్లే. వాసన మాత్రం లేదు. పూర్వకవులు దీన్నే పట్టుకుని, చదువులేని అందగాణ్ణి ఈ పూవుతో పోల్చారు. ఆ పోలిక నాకెప్పుడూ నచ్చలేదు. మోదుగుపూలు కాగులో మగ్గుతున్నప్పుడు ఆ పక్కన నిలబడి చూస్తే, పచ్చి చిక్కుడుకాయ ఉడికేటప్పటి లాంటి తియ్యటి పసరు వాసన వాకిలంతా పరుచుకుంటుంది. ఎంతైనా మోదుగు కూడా చిక్కుడు కుటుంబపు చెట్టే.

పనిలో మొదటి చిక్కు పండుగ తిథితోనే వస్తుంది. చెట్టు ఎండను బట్టి పూస్తుంది, పున్నమి చంద్రుణ్ణి బట్టి వస్తుంది. 2024లో హోళీ మార్చి 25న వచ్చింది, 2025లో మార్చి 14నే వచ్చేసింది. ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరిగి, అధికమాసం తగిలినప్పుడు మళ్ళీ వెనక్కి పోతుంది. పండుగ ఆలస్యమైన ఏడు, పున్నమి నాటికి మా గుట్ట కింద పూత పలచబడిపోతుంది. అందుకని అత్త ముందుగా రాలిన పూలను నీడపట్టున ఆరబెట్టి పాత దిండు గలీబులో దాస్తుంది. ఎండలో ఆరబెట్టదు. అయితే ఎండుపూవు పచ్చిపూవంత సులువుగా రంగు వదలదు. పూవులోని ఐసోబ్యూట్రిన్ అనే పదార్థం ఆరే కొద్దీ, నీటిలో అంతగా కరగని బ్యూట్రిన్‌గా మారుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. అత్తకు ఆ పేర్లు తెలియవు. “ఎండిన పువ్వు బెట్టు జేస్తది బిడ్డా, దానికి ఇంకో పూట నానబెట్టాలె” అంటుంది. రెండూ ఒకటే మాట.

పూలు కోయడం అంటూ ఉండదు, ఏరడమే. తెల్లవారక ముందే చెట్టు కింద పాత చీర పరిచి, అందే కొమ్మను ఒక్కసారి మెల్లగా ఊపుతుంది. పడినవే తీసుకుంటుంది. “మిగిలినయి పిట్టలకు” అంటుంది. నిజంగానే అప్పటికే తేనెపిట్టలూ గోరింకలూ పైన గోల చేస్తుంటాయి. ముక్కులు దూర్చి తేనె తాగే ఆ పిట్టల వల్లే పుప్పొడి ఒక పూవు నుంచి ఇంకో పూవుకు చేరుతుంది. కాయలో ఉండేది ఒక్కటే గింజ, కాయ కొసన. పిట్ట రాకపోతే ఆ ఒక్కటీ ఉండదు.

ఇంటికి తెచ్చాక అసలు పని మొదలవుతుంది. ఒక్కొక్క పూవునూ పట్టుకుని నల్ల ముచ్చికను తుంచి అవతల పారేయాలి. నాలుగు చాటల పూలకు ఇద్దరం కూర్చుంటే పూట పడుతుంది. మొదటి ఏడు నాకు ఓపిక చాలక, కొన్ని ముచ్చికలతోనే వేసేశాను. అత్త ఏమీ అనలేదు. ఒక గిన్నెలో నా పూలు, ఇంకో గిన్నెలో తన పూలు వేరువేరుగా కాచింది. చల్లారాక రెండిట్లో రెండు తెల్ల గుడ్డపేలికలు ముంచి తీగ మీద పక్కపక్కన ఆరేసింది. ఆమెది లేత బంగారంలా ఉంది. నాది వాననీళ్ళు నిలిచిన గుంటలా మురికి పట్టింది. ఆ పేలికలు రెండూ ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

రేకలు రాత్రంతా రాగి కాగులో నానుతాయి. పొద్దున మూడురాళ్ళ పొయ్యి మీద పిడకల మంట. ఇక్కడే ఆమె చెయ్యి చూడాలి. నీళ్ళు తెర్లనివ్వదు. కాగు అంచు వెంట ఆవగింజల్లా బుడగలు లేవగానే ఒక పిడక బయటికి లాగేస్తుంది, అవి అణగగానే మళ్ళీ లోపలికి తోస్తుంది. మంట ఎక్కువైతే రేక చితికి ముద్దయి రంగు మందగిస్తుందట. కట్టెతో కలపదు, కాగునే రెండు చెవులూ పట్టి మెల్లగా ఒక చుట్టు తిప్పుతుంది. రేక పాలిపోయి గాజుకాగితంలా అయ్యేదాకా అలాగే. తరువాత పాత పంచె నాలుగు మడతలు వేసి వడగడుతుంది. పిప్పిని పిండదు. పిండితే చివర్లో దిగే నీళ్ళు రంగును చెడగొడతాయి. దానంతట అది కారిపోవలసిందే, ఎంతసేపైనా.

అప్పుడు సున్నం. తమలపాకుకు రాసే సున్నమే, చిటికెన వేలి కొసన అంటినంత. ఆ వేలు నీళ్ళలో పెట్టి తిప్పగానే పసుపు కదిలి, వేలి చుట్టూ ఒక కుంకుమ తీగ పుట్టి, అది విప్పుకుంటూ పోయి కాగంతా కాషాయమవుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, అలాంటిదే ఇదీ. క్షారం తగిలితే రంగు ఎరుపు వైపు జరుగుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో నేను మాట్లాడలేను. పక్కన చేరిన పిల్లలు కూడా అరవరు. ఒక్కసారి ఊపిరి బిగబడతారు.

సున్నం ఎక్కువైతే ఇటుక రంగులోకి దిగి జీవం పోతుంది. సరిపోయిందా లేదా అన్నది ఆమె కాగులో చూసి చెప్పదు. ఒక చుక్క తీసి సున్నమేసిన గోడ మీద విదిలిస్తుంది. ఆ గోడకు ఏళ్ళ తరబడి విదిలించిన చుక్కల మరకలున్నాయి, పాతవి వెలిసిపోయి, పోయిన ఏటివి ఇంకా నిలిచి. కొత్త చుక్కను వాటి పక్కన పెట్టి చూసుకుంటుంది.

సగం రంగును మాత్రం సున్నం కలపకుండా వేరే గంజులో ఉంచుతుంది. అది చంటిపిల్లలకూ ముసలివాళ్ళకూ. కళ్ళల్లో పడినా మండకూడదని. బజారు రంగులతో ఒక హోళీ నాడు మా అన్న కూతురికి ఒళ్ళంతా దద్దుర్లు లేచి వారం రోజులు నిద్రపోలేదు. ఆ ఏటి నుంచే అత్త ఈ రెండో గంజు పెట్టింది.

కాచిన రంగు నిలవ ఉండదు. ఎండకాలం కదా, రెండో రోజుకే పుల్లని వాసన వేసి నురగ కడుతుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. దాచుకునే వీలే లేదు, కాచిన నాడే పంచాలి. ఆదిలాబాద్ గోండు గూడేల్లోనూ ఈ పూల రంగే ఒకరి మీద ఒకరు చల్లుకుంటారు. వాళ్ళ కాగులూ ఆ పూటే ఖాళీ అవుతాయి. రాత్రి కాముణ్ణి కాల్చి, జాజిరి పాటలు పాడి అలసిన పిల్లలు తెల్లారేసరికి చెంబులతో మా వాకిట్లో వరస కడతారు. శివుడి కంటిమంటకు బూడిదైన మన్మథుడి కథ వాళ్ళకు తెలుసు. వాడికి తోడు వచ్చినవాడు వసంతుడని కూడా తెలుసు. కోలాటం కర్రలు చంకన పెట్టుకుని, చెంబు నిండగానే ఒక్క పరుగు.

ఆమె మాత్రం ఎవరింటికీ వట్టి చేతులతో పోదు. నడవలేని వాళ్ళ ఇళ్ళకు తనే చెంబు పట్టుకుని వెళ్తుంది. నుదుటన ఒక చుక్క, చెంపన ఒక చుక్క, అంతే. దుబాయిలో ఉన్న కొడుకును ఫోన్‌లో చూస్తూ ఒకావిడ ఆ తెరకే రంగు చుక్క పెట్టడం పోయిన ఏడు చూశాను.

అదే రోజు చివర్లో మూల ఇంటికి వెళ్ళాం. ఆ ఇంట్లో కార్తీకంలో ఇంటాయన పోయాడు. ఏడాది తిరగలేదు, పండుగ లేదు. అత్త రంగు చెంబు నా చేతికిచ్చి గోడ అవతలే ఉండమంది. తను మాత్రం కొంగులోంచి దోసెడు పచ్చి పూలు తీసి అరుగు మీద పోసింది.

“రంగు తేలేదు వదినె. పూలే తెచ్చిన.”

ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత ఒక పూవు చేతిలోకి తీసుకుంది. మాట్లాడుతూనే, చూడకుండానే, బొటనవేలితో దాని నల్ల ముచ్చికను తుంచేసింది.

“ఈసారి బాగ పూసినయా?”

“బాగనే పూసినయి. గుట్ట కింద రెండు కొత్త చెట్లు గూడ మొగ్గేసినయి.”

ఇంకో పూవు తీసింది. ఇంకోటి. అరుగు మీద ఒక పక్క రేకలు, ఒక పక్క ముచ్చికలు చిన్న కుప్పలుగా పడుతున్నాయి.

“వచ్చే ఏడు నాకు ఓ కబురు పంపు. ముచ్చికలు తీయనీకి నేను గూడ వస్త.”

“నీ చాట నువ్వు తెచ్చుకో వదినె” అంది అత్త, ఆమె పక్కనే అరుగు మీద కూర్చుంటూ.