బాకీ, వినయం, పరలోకం

మతాన్ని గురించి చర్చ వచ్చినప్పుడల్లా అభ్యుదయవాదులమైన మనకు ఒక సులువైన మాట సిద్ధంగా వుంటుంది. మార్క్స్ 1844లో మతాన్ని నల్లమందుతో పోల్చాడన్నదే ఆ మాట. అది అనేసి మనం లేచి వెళ్ళిపోతాము. ఆ పోలిక చేసిన చోటనే ఆయన మతంలో పీడితుని బాధా, ఆ బాధపై నిరసనా రెండూ వున్నాయని గుర్తించిన సంగతి చాలామందికి పట్టదు. ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచినది ఇస్లాం బోధించే మూడు విషయాలు: విశ్వాసము, వినయము, పరలోకానికి సిద్ధపడడము. వీటిని నేను మసీదులో కూర్చుని నేర్చుకోలేదు. పుస్తకాల్లో చదవడం కూడ తరువాతి మాట. మొట్టమొదట ఇవి నాకు ఎదురైనవి ఒక శ్మశానంలో.

మాది సంజామల. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో, కోయిలకుంట్లకు సమీపాన వున్న నల్లరేగడి నేల. నేను కళాశాలలో చదువుకుంటున్న రోజుల్లో మా ప్రక్కవీధి దూదేకుల రైతు ఒకాయన చనిపోయినాడు. ఆయన తాతలు విల్లుతో దూది ఏకినవారు. ఆయన నాటికి ఆ వృత్తి పోయింది. కౌలుకు పత్తీ, శనగా వేసేవాడు. జనాజా వెంట నేనూ నడిచాను. మూడు కుట్టులేని తెల్లని గుడ్డల్లో ఆ మనిషిని చుట్టారు. ఆ గుడ్డలకు జేబు లేదన్న సంగతి అప్పుడు గమనించాను. నమాజుకు ముందు ఇమాము తెలుగులోనే అడిగాడు: ఈయన ఎవరికైనా బాకీ వుంటే ఇప్పుడే చెప్పండి, లేదా మాఫీ చేయండి, బాకీతో పోయిన మనిషికి అక్కడ లెక్క బరువవుతుంది, అని.

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. మొదటి వరుసలో ఎరువులూ విత్తనాలూ అప్పుగా ఇచ్చే అంగడి సాహెబు నిలబడి వున్నాడు. ఆయన తల వంచుకుని నేలకేసి చూస్తున్నాడు. చివరికి పెద్దకొడుకు ముందుకు వచ్చి, "మా నాయన బాకీ నాది హజ్రత్, నేను కడ్తా" అన్నాడు. నమాజు సాగింది. అందరూ మూడేసి పిడికిళ్ళ మన్ను వేశారు. ఆ యేడే ఆ కుర్రవాడు జత ఎద్దులను అమ్మి, కౌలు వదలి, కూలికి వెళ్ళిపోయినాడు.

ఆనాడు నేను ఇంటికి వచ్చి, మతం బీదవానిని చచ్చిన తరువాత కూడ వదలదని మిత్రులతో వాదించాను. ఆ వాదన పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. అయితే ఆ వాదన సగమే. మిగిలిన సగం నాకు తెలియకపోవడానికి కారణం నేను చదవకపోవడమే.

ఖురాను తెలుగువారికి అందని గ్రంథం కాదు. అనంతపురం కళాశాలలో తెలుగు బోధించిన చిలుకూరి నారాయణరావుగారు ఇరవయ్యో శతాబ్దపు తొలిసగంలోనే దానిని తెలుగు చేశారు. ఆ తరువాత అనువాదాలు మరికొన్ని వెలువడినాయి. వాటిని చదివితే తెలిసేదేమిటంటే, బాకీ సంగతి రెండో అధ్యాయమైన బఖరాలో విపులంగానే వున్నది. వడ్డీని అక్కడ తీవ్రంగా నిషేధించారు. ఆ వెంటనే, 280వ వాక్యంలో, బాకీపడినవాడు ఇబ్బందుల్లో వుంటే వెసులుబాటు కలిగేవరకు గడువివ్వాలనీ, మాఫీ చేయడం ఇంకా మేలనీ వున్నది. తొమ్మిదో అధ్యాయంలో జకాతు సొమ్ము ఎవరికి చెందాలో చెబుతూ ఎనిమిది రకాలవారిని పేర్కొంటే, అందులో అప్పులపాలైనవారు ఒకరు. ప్రవక్త సంప్రదాయంలో మరొక ముఖ్యమైన సంగతి వున్నది. తొలిరోజుల్లో బాకీ మిగిల్చి పోయినవాని జనాజా నమాజును చేయించడానికి ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఎవరైనా ఆ బాకీ తలకెత్తుకుంటేనే చేయించేవాడు. మన ఇమాము చెప్పినది ఇంతవరకే. కాని తరువాత, సమాజం చేతికి సొమ్ము వచ్చినాక, బాకీతో చనిపోయినవారి అప్పు తీర్చే బాధ్యత తనదేనని ఆయన ప్రకటించాడు. ఇది కూడ అదే హదీసు గ్రంథాల్లో వున్నది.

ఇప్పుడు మళ్ళీ ఆ శ్మశానాన్ని చూడండి. చెప్పినదంతా గ్రంథంలోనిదే, అబద్ధమేమీ లేదు. కాని ఋణస్థునికి చెప్పవలసిన మాటను శవం ముందు చెప్పారు. ఋణదాతకు చెప్పవలసిన మాటను, ఆయన సజీవంగా ఎదుట నిలబడి వున్నా, చెప్పలేదు. సంఘం పూనుకోవలసిన బాధ్యతను పద్దెనిమిదేళ్ళ కుర్రవాని భుజాన వేశారు. పరలోకానికి సిద్ధపడవలసింది ఎవరు? అప్పు తీసుకున్నవాడు మాత్రమేనా? ఇచ్చినవాడు సిద్ధపడనక్కరలేదా? వర్గసమాజంలో మతబోధ ఎలా పనిచేస్తుందో ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అది తరచు గ్రంథాన్ని మార్చదు. గ్రంథంలో ఏ సగాన్ని గట్టిగా చదవాలో, ఏ సగాన్ని లోగొంతుకతో చదవాలో నిర్ణయిస్తుంది, అంతే.

పరలోకచింత అంటే ఈ లోకాన్ని మరచిపోవడమని మనలో ఒక అభిప్రాయం వున్నది. ఖురానులోని చిన్న అధ్యాయాలను చదివినవారికి అది నిలవదు. 83వ అధ్యాయం తూకంలో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ మొదలవుతుంది. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారు లెక్కరోజు వున్నదని అనుకోవడం లేదా అని అది నిలదీస్తుంది. పత్తి తూకానికి కాటా దగ్గర నిలబడిన రైతుకు ఈ వాక్యాల అర్థం వ్యాఖ్యాత చెప్పనక్కరలేదు. 107వ అధ్యాయం నమాజు చేస్తూనే అనాథను తరిమివేసేవానినీ, చిన్నపాటి సహాయాన్ని కూడ నిరాకరించేవానినీ మతాన్ని కాదన్నవారి కోవలో చేర్చింది. 90వ అధ్యాయం పుణ్యమార్గాన్ని నిటారైన కొండదారిగా చెప్పి, ఆ దారి బానిసకు విముక్తి కలిగించడమనీ, ఆకలి రోజున అనాథకూ నిరుపేదకూ అన్నం పెట్టడమనీ వివరించింది. ఇక్కడ విశ్వాసం కేవలం మనసులోని భావం కాదు. ఇతరులతో నడిపే లావాదేవీల్లోనే అది తేలుతుంది.

వినయం సంగతి మరింత చిక్కయినది. నమాజులో నుదురు నేలకు ఆనుతుంది. భూస్వామీ కూలీ ఒకే వరుసలో భుజం భుజం కలిపి నిలబడతారు. గర్వంతో ముఖం తిప్పుకోవద్దనీ, భూమిమీద విర్రవీగుతూ నడవవద్దనీ లుఖ్మాను తన కొడుకుకు చెప్పిన హితవు 31వ అధ్యాయంలో వున్నది. ఇది ఉన్నవానికి చెబితే ఔషధమే. కాని దీనిని ఎప్పుడూ తల వంచుకుని బ్రతికేవానికే చెబుతూ వుంటే అది సంకెల అవుతుంది. మసీదు వరుసలోని సమానత్వం గడప దాటితే ఏమవుతున్నదో మన పల్లెల్లో ఎరుగనివారు లేరు. తెలుగు మాట్లాడే దూదేకులవారిని ఉర్దూ మాట్లాడే కుటుంబాలు పలుచోట్ల తమకన్న తక్కువగా చూసినాయి; పెళ్ళి సంబంధాలు కలుపుకోలేదు. మనుషుల్లో హెచ్చుతగ్గులు పుట్టుకతో రావని చెప్పిన గ్రంథం ఇరువురి ఇళ్ళలోనూ వున్నది.

వినయానికి రెండో ముఖం కూడ వున్నది. 680లో కర్బలాలో హుసేను చనిపోయింది యజీదు అధికారానికి తల వంచనందువల్ల. దేవుని ముందు వంగిన తల రాజు ముందు వంగదన్నదే ఆ కథాసారం. మా పొరుగున వున్న బనగానపల్లె 1948 వరకు సంస్థానంగా వుండినది; దాని నవాబులు షియాలు. కాని రాయలసీమలో పీర్ల పండుగ నవాబుల సొత్తు కాలేదు. హిందువులూ దూదేకులూ కలసి పీర్లను ఎత్తుకుంటారు. గుండం చుట్టూ తిరుగుతారు. శాస్త్రం చదివిన మతపెద్దలు దీనిని అనాచారమంటారు. వారి శాస్త్రంతో నాకు తగవు లేదు. అయితే ఓడిపోయి చనిపోయినవాని పక్షాన పదమూడు వందల యేళ్ళకు పైగా కన్నీరు పెట్టుకుంటున్న జనానికి న్యాయాన్యాయ వివేచన లేదనడం మాత్రం నేను ఒప్పుకోను.

ఇక్కడ మన సాహిత్యాన్ని గురించి ఒక మాట చెప్పాలి. విసునూరు దేశముఖుపై భూమి కోసం పోరాడి 1940లో హత్యకు గురైన షేక్ బందగీ కథే "మా భూమి" నాటకానికి ప్రేరణ. సుంకర, వాసిరెడ్డి 1947లో రాసిన ఆ నాటకం మనకు గర్వకారణం. బందగీ అన్న పేరుకు సేవ, ఆరాధన అని అర్థం. దేవునికి బందగీ చేసే మనిషి దొరకు బందగీ చేయనన్నాడు. మనం ఆయన భూమిని తీసుకున్నాము, ఆయన రక్తాన్ని తీసుకున్నాము. ఆయన విశ్వాసాన్ని మాత్రం పట్టించుకోలేదు. ఆ విశ్వాసం ఆయనకు ధైర్యమిచ్చిందా, అడ్డుపడిందా అన్న ప్రశ్ననైనా మనం వేసుకోలేదు. 1990 తరువాత వచ్చిన ముస్లింవాద కవిత్వం, ఖాదర్ మొహియుద్దీన్ "పుట్టుమచ్చ" మొదలుకొని, ఈ దేశంలో ముస్లిముగా బ్రతకడమంటే ఏమిటో మనచేత చదివించింది. ఆ పని మనం ముందుగా చేయవలసింది.

అయితే గ్రంథంలో అంతా వున్నదనీ, బోధకులే చెడగొట్టారనీ ముగిస్తే అది విమర్శ కాదు, భక్తి. ఆ బోధకు స్వతహాగా ఒక హద్దు వున్నది. బాకీ మాఫీ చేయడం మేలన్నది. ఆ మేలు మాత్రం ఇచ్చేవాని మనసుమీద ఆధారపడి వున్నది. బానిసను విడిపించడం పుణ్యమన్నది. బానిసత్వాన్ని రద్దు చేయలేదు. వడ్డీ నిషేధం వున్నా, దానిని తప్పించుకునే ఉపాయాలను వర్తకులూ శాస్త్రవేత్తలూ కలసి ఎలా కనిపెట్టారో ఫ్రెంచి మార్క్సిస్టు మాక్సిం రోడిన్‌సన్ 1966లో వెలువడిన "ఇస్లాం, పెట్టుబడిదారీ విధానం" అనే గ్రంథంలో చూపించాడు. ఇచ్చేవాని దయగా వున్నదానిని పుచ్చుకునేవాని హక్కుగా మార్చడానికి శ్మశానంలో ప్రసంగం చాలదు. దానికి రైతుసంఘం కావాలి, చట్టం కావాలి, పోరాటం కావాలి. మన దారి వేరవుతున్నది ఇక్కడే. దీనిని దాచవలసిన అవసరం లేదు.

కాని వేరయ్యేదాకా కలసి నడవగలిగిన దూరం తక్కువేమీ కాదు. రాయలసీమ పల్లెల్లో అప్పులవల్ల ఉరిపోసుకున్న రైతుల ఇళ్ళను చూసినవారికి ఇది తీరిక సమయపు చర్చగా తోచదు. ఆ ఇళ్ళకు వెళ్ళే విద్యార్థి అక్కడ దేవుడు లేడని రుజువు చేయనవసరం లేదు. అంగడి సాహెబు నమ్మే గ్రంథంలోనే, ఆయన రోజూ నుదురు ఆనించే ఆ నేల సాక్షిగా, గడువు ఇవ్వమని వున్న వాక్యాన్ని అడగగలిగితే చాలు. అడగాలంటే ముందు చదివి వుండాలి.

ఆ శ్మశానంలో నేనూ నిలబడే వున్నాను. నాకు ఆ వాక్యం తెలియదు. తెలిసిన ఇమాము చెప్పలేదు. ఆయన మౌనాన్ని ఇన్నేళ్ళు తప్పుపట్టాను. చదువుకున్నవాణ్ణని అనుకుంటూ, నేను ఆనాడు నోరు తెరవలేకపోవడానికి కారణమైన నా అజ్ఞానాన్ని మాత్రం ఇప్పుడే లెక్కలో వేస్తున్నాను. అది కూడ ఒక బాకీయే.