నాలుగో పాదం వేమనది

కడప, కర్నూలు పల్లెల్లో రచ్చబండ మీద మాటామాటా పెరిగినప్పుడు పెద్దవాళ్లెవరో ఒక వేమన పద్యం అందుకుంటారు. తప్పు చేసినవాడికి అది సూటిగా తగులుతుంది. అయినా వాడు తిరగబడడు. నీతి గొప్పది కాబట్టి అంటారు కొందరు. నేనంత నమ్మను. నీతి చెప్పే శతకాలు మనకు తక్కువేం లేవు. కిటుకు పద్యం కట్టుబడిలో ఉంది.

వేమన పద్యాల్లో ఎక్కువ ఆటవెలదులు. బేసి పాదంలో మూడు సూర్యగణాలు, ఆపైన రెండు ఇంద్రగణాలు. సరి పాదంలో అయిదూ సూర్యగణాలే. సూర్యగణానికి మూడే మాత్రలు కాబట్టి మొదటి పాదం చివర కాస్త నిదానిస్తుంది, రెండోది పరుగెత్తుతుంది. ప్రాస నియమం లేదు, యతి కుదరకపోతే ప్రాసయతి చాలు. అందుకే మాట్లాడే మాటను పెద్దగా విరవకుండానే పద్యంలో ఇమడ్చవచ్చు. తరచూ మొదటి రెండు పాదాల్లో ఒక సంగతి చెప్పి, మూడో పాదంలో ఉప్పో, చెప్పో, గాడిదో, కుక్కో ఏదో ఒకటి తెచ్చి పక్కన పెడతాడు. ఆ రెంటికీ ముడివేసే పని విన్నవాడిదే. ముడి తానే వేసుకున్నాక కాదనడం కష్టం.

ఇక నాలుగో పాదం, 'విశ్వదాభిరామ వినుర వేమ' అనే మకుటం. అందులో పిలుపు వేమనకే. అంటే తిట్టు తనకు తాను పెట్టుకున్నట్టే ఉంటుంది, మనం పక్కన నిలబడి విన్నట్టు. కులాన్ని, దొంగ గురువుల్ని అంత కటువుగా దులిపినా జనం ఓర్చుకున్నది ఇందువల్లే అనిపిస్తుంది.

ఆ మకుటంలో ఇంకో సౌకర్యం ఉంది. అయిదు సూర్యగణాలూ, 'వి'కి 'వి' యతీ అన్నీ అమర్చే ఉన్నాయి. మిగిలినవి మూడు పాదాలే. గుండె మండిన వాడెవడైనా ఆ మూడూ కట్టి వేమన పేరు మీద వదలొచ్చు. వదిలారు కూడా.

1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తర్వాత ఎన్నో తాళపత్రాలు పోగుచేయించి, పండితులు చిన్నచూపు చూసిన ఈ పద్యాలను 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించాడు. 1839 నాటి కూర్పులో పద్యాలు ఇంకా పెరిగాయి. కడప ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. 2006లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి యోగి వేమన పేరే పెట్టారు.

ఏది అసలు, ఏది కల్తీ అని పరిశోధకులు జల్లెడ పడుతూనే ఉన్నారు. ఆ పని అవసరమే. కానీ పాఠకుడికీ వేమనకూ ఉన్న బంధం తెలియాలంటే నేను ముందు చూసేది వాళ్లు పక్కకు తీసేసిన పద్యాలనే. తన కోపానికి తన పేరు చాలదనుకున్న వాళ్ల గొంతులు ఎక్కువగా అక్కడే వినిపిస్తాయి.