పెన్సిల్‌తో రాసిన పొడి అక్షరాలు

ఇళయరాజా పాటల్లో గొంతు కింద నడిచే ఆ గంభీరమైన నాదాన్ని ఇష్టపడనివాళ్లు అరుదు. దాన్ని పలికించే వాద్యం ఏదని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. అది ఎలక్ట్రిక్ బేస్ గిటార్. నాలుగు లావుపాటి తీగలు, పొడుగాటి దండి, లోపల డొల్ల లేని చెక్క. వీణకో వయొలిన్‌కో ఉన్నట్టు శతాబ్దాల వడ్రంగి వారసత్వం దీనికి లేదు. ఇది ఫ్యాక్టరీలో పెరిగిన వాద్యం. అలాంటిదాన్ని ఈనాడు వాద్యకారులు చిన్న చిన్న కార్ఖానాల్లో, నెలల తరబడి ఎదురుచూసి, చేతిపనితో చేయించుకుంటున్నారు.

సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన 1930ల్లోనే ఇలాంటిదొకటి చేశాడు గానీ అది నిలవలేదు. నిలబెట్టింది లియో ఫెండర్. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసుకునే మనిషి; గిటార్ వాయించడం ఆయనకు రాదు. అంతవరకు బేస్ అంటే మనిషికంటే ఎత్తైన, నిలబెట్టి వాయించే పెద్ద వాద్యం. మోయడం కష్టం, బృందంలో వినపడటం ఇంకా కష్టం. ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. బల్లపరుపు యాష్ చెక్కకు మేపుల్ దండిని నాలుగు మరలతో బిగించేశాడు. వయొలిన్ చేసేవాళ్లు చూస్తే ముక్కున వేలేసుకునే పద్ధతి. దండి పాడైతే విప్పి ఇంకోటి బిగించుకోవచ్చు. దానికి ఉస్తాదు అక్కర్లేదు.

కథ అక్కడితో అయిపోవాలి. కానీ ఆ తొలి రోజుల గిటార్ల మరలు విప్పి చూసినవాళ్లకు దండి మడమ మీద పెన్సిల్ రాత కనిపించేది. కొన్నింటి మీద టి.జి. అని ఉండేది, పక్కన తేదీ. టాడియో గోమెజ్ అనే కార్మికుడి పొడి అక్షరాలవి. దండి వెనకవైపు గుండ్రదనం యంత్రం ఒక్కటే తేల్చేది కాదు. తిరిగే గరుకు పట్టీకి చెక్కను ఆనించి, తిప్పుతూ, అరచేత్తో తడిమి చూసుకుంటూ అరగదీసేవారు. అందుకే ఒక దండి మరోదానిలా ఉండదు. 1956లో అదే ఫ్యాక్టరీలో చేరిన అబిగెయిల్ ఇబారా పని పికప్‌లు చుట్టడం. పికప్ అంటే తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే అయస్కాంతపు చుట్ట. తల వెంట్రుకంత సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టాలి. తీగను నడిపించే వేళ్లు కాస్త వదులు చేసినా, బిగించినా చుట్ట మారుతుంది, నాదమూ మారుతుంది. ఈనాడు సేకర్తలు ఆ కాలపు వాద్యాలకు లక్షలు పోస్తున్నారంటే అది కంపెనీ పేరు కోసమే అనుకోను. ఆ వేళ్లకు కూడా చెల్లిస్తున్నారు.

1965లో ఫెండర్ కంపెనీ అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ చేతికి వెళ్లింది. పాత పనితనం పోయిందని వాద్యకారులు గొణగడం మొదలైంది. అదే దశాబ్దం చివర, గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం చుట్టూ చేరిన సాంకేతికుల నుంచి అలెంబిక్ అనే కార్ఖానా పుట్టింది. రాన్ వికర్‌షమ్ ఎలక్ట్రానిక్స్, రిక్ టర్నర్ చెక్కపని చూసేవారు. బేస్ వాద్యకారుడు జాక్ కసాడీ కోసం 1972లో చేసిన బేస్‌తో వాళ్ల దారి తెలిసిపోయింది. దండిని మరలతో బిగించలేదు. అదే చెక్క వాద్యం ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది, రెండు పక్కలా రెక్కలు అతికించారు. ఈ పద్ధతిని రికెన్‌బ్యాకర్ కంపెనీ 1957లోనే వాడింది. దండినే అనేక పొరలుగా కట్టి, లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ పెట్టి, ఒక్కో మనిషికి ఒక్కో వాద్యం అన్న స్థాయికి తీసుకుపోయింది అలెంబిక్. నీ వాయింపు గొప్పది, నీ నాదం మాత్రం బాగాలేదు అని టర్నర్ మొహం మీదే అనేశాడని జాజ్ బేస్ వాద్యకారుడు స్టాన్లీ క్లార్క్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ మాట పట్టుకునే క్లార్క్ అలెంబిక్ చేతబట్టాడు, దశాబ్దాల పాటు దాన్ని వదల్లేదు.

ఈ పనిలో అసలు విద్య అంతా దండిలోనే ఉంది. నాలుగు తీగలూ శ్రుతికి బిగిస్తే దాని మీద పడే లాగుడు దాదాపు 70-80 కిలోలు. చెక్క వంగకూడదు, మెలి తిరగకూడదు, అలాగని దుంగలా లావుగానూ ఉండకూడదు. బొబ్బిలి వీణ చేసేవారు ఒకే పనస మానును తొలిచి ఏకాండి వీణ తీస్తారు. బేస్ చేసేవారిది దీనికి ఎదురు దారి. మేపుల్, వాల్‌నట్ లాంటివి మూడో ఐదో పొరలు, ఒకదాని వంపుకు మరొకటి అడ్డుపడేలా తిప్పి అతికిస్తారు. వలయాల గీతలు నిలువుగా వచ్చేలా కోసిన ముక్కలే ఏరుకుంటారు. ముందు కాస్త లావుగా కోసి, వారాల తరబడి పక్కన పెట్టేస్తారు. లోపలి బిగువు సడలి చెక్క వంగాల్సినంత వంగాక, చిత్రికతో మళ్లీ తిన్నగా చేస్తారు. తొందరపడి ఈ విరామం ఎగ్గొట్టిన దండి కొన్నవాడి ఇంట్లో వంగుతుంది. లోపల గాడి తీసి, బిగించడానికీ వదులు చేయడానికీ వీలైన ఇనుప కడ్డీ పెడతారు. గిబ్సన్ గిటార్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ 1920ల్లో పేటెంట్ తీసుకున్న ఉపాయమిది.

తర్వాత మెట్లు. వీణకు చెవితో శ్రుతి చూసుకుంటూ మైనంలో మెట్టు నిలబెడతారు, తేడా వస్తే మైనం కరిగించి జరుపుతారు. బేస్‌కు ఆ వెసులుబాటు లేదు. తీగ పొడవు సాధారణంగా 34 అంగుళాలు, అంటే 863.6 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే వచ్చే 48.5 మిల్లీమీటర్ల దగ్గర మొదటి మెట్టు. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. అర మిల్లీమీటరుకు కాస్త పైబడిన గాళ్లు రంపంతో కోసి, లోహపు మెట్లను సుత్తితో దించుతారు. లెక్క అక్కడితో సరి, చేతిపని అక్కడే మొదలు. మెట్ల తలలన్నీ ఒకే మట్టానికి వచ్చేలా ఆకురాయితో రాయాలి, చదునైన ప్రతి తలనూ మళ్లీ గుండ్రం చేయాలి, చివరలు వేలికి గుచ్చుకోకుండా నునుపు చేయాలి. ఖరీదైన బేస్‌కూ చవక బేస్‌కూ చేతికి తెలిసే తేడా ఎక్కువగా ఇక్కడే.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ ఈ విద్యకు మరో పట్టుగొమ్మ. కలప సామాను రూపకర్త నెడ్ స్టైన్‌బర్గర్ 1977లో స్టూవర్ట్ స్పెక్టర్ కోసం వాయించేవాడి పొట్టకు ఒదిగేలా వంపు తిరిగిన బేస్ గీశాడు. అంతకు ముందే బేస్ వాద్యకారుడు ఆంథొనీ జాక్సన్ తనకు ఆరు తీగల బేస్ కావాలన్నాడు. అప్పటికి ఆయన కోరిన తరహాది ఏ ఫ్యాక్టరీ దగ్గరా లేదు. కార్ల్ థాంప్సన్ చేసిచ్చాడు. తర్వాత ఏళ్ల తరబడి, 1983లో మొదలైన ఫోడెరా కార్ఖానా జాక్సన్ కోసం ఆ ఊహను సానబట్టింది. ఈనాడు ఆరు తీగల బేస్ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. చేతిపని విలువ ఏమిటని అడిగితే నేను ముందు చూపేది దీన్నే. ఒక్క మనిషి అవసరం కోసం పూనుకునే ధైర్యం చిన్న కార్ఖానాకే ఉంటుంది.

ముందువైపు అతికించే అలల గీతల చెక్క అందానికి మాత్రం నేను అంత తొందరగా లొంగను. అది కంటికి, ధరకు. నాదానికి దాని సాయం ఎంతన్న వాదన వాద్యకారుల్లో తెగలేదు. కంప్యూటర్ యంత్రంతో చెక్క కోస్తే చేతిపని కాదనడమూ చాదస్తమే. ఒళ్లు ఎవరు కోసినా ఒకటే, దండిని ఎవరు తడిమారన్నదే లెక్క. దండి మీద మెట్లు కూర్చునే పలకకు వాడే చెక్కల్లో మన దక్షిణాది అడవుల జిట్రేగి ఒకటి. 2017లో అంతర్జాతీయ వాణిజ్య ఆంక్షలు దాన్ని చుట్టుకున్నప్పుడు చిన్న తయారీదారులు అనుమతి పత్రాలతో సతమతమయ్యారు. పూర్తయిన వాద్యాలకు 2019లో సడలింపు వచ్చింది.

చేతిపని బేస్ ఎప్పుడైనా చేతికొస్తే ముందు దాని రంగు చూడకండి. దండి అంచు వెంట ఒంటికన్నుతో చూడండి, తిన్నగా ఉందో మెలి తిరిగిందో తెలుస్తుంది. మెట్ల చివరల మీదుగా అరచెయ్యి జార్చండి. ఆ తర్వాత అన్నింటికన్నా సన్నని తీగను ఐదో మెట్టు నుంచి ఏడో మెట్టు దాకా ఒక్కొక్కటే నొక్కి మీటండి. ఏ స్వరమైనా పక్కవాటికన్నా ముందే చచ్చిపోతే అక్కడ దండి సొంత కంపనం తీగ శక్తిని మింగేస్తోందన్నమాట. గొప్ప ఉస్తాదుల బేస్‌లలోనూ ఇది పూర్తిగా పోదు, తగ్గుతుంది. ఎంత తగ్గించారో విని, అప్పుడు ధర అడగండి.