ఇత్తడికీ చెక్కకీ మధ్య

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఒకప్పుడు మడత చాకు ముగ్గురి చేతులు మారి తయారయ్యేది. ఒకరు ఉక్కును కాల్చి సాగగొట్టేవారు. ఇంకొకరు తిరిగే సానరాయి మీద అరగదీసి అంచు తెచ్చేవారు. మూడో మనిషి ఆ ముక్కలన్నిటినీ కూర్చి, పిడి తొడిగి, పదేపదే తెరిచి మూసి చూసి, ఎక్కడా పట్టేయడం లేదని తేలాకే చాకును బయటికి పంపేవారు. ఇవాళ దొరికే మడత చాకు కిట్టులో మొదటి ఇద్దరి పనీ ముందే అయిపోయి ఉంటుంది. కొన్నవాళ్ల చేతికి వచ్చేది ఆ మూడో పని. ముక్కలన్నీ సిద్ధంగా ఉన్నాయి కదా, ఇక చేయడానికేముంది అనుకునేవాళ్లున్నారు. చాకు చేతిలో ఎలా ఒదుగుతుందో, ఏళ్లు గడిచాక ఎలా ఉంటుందో తేల్చేది ఈ మూడో పనే.

పాతకాలపు పద్ధతిలో, తాళం లేకుండా వీపు స్ప్రింగుతో పనిచేసే చాకు కిట్టునే తీసుకుందాం. పెట్టె విప్పితే గట్టిపరిచిన బ్లేడు ఒకటి, సన్నని ఉక్కు స్ప్రింగు ఒకటి, రెండు ఇత్తడి రేకులు, కొన్ని పిన్నులు ఉంటాయి. ఒక్కో రేకుకు రెండు కొసల్లోనూ మందమైన లోహపు దిమ్మెలు అతికి ఉంటాయి. వీటిని బోల్‌స్టర్లంటారు. ఎక్కువగా నికెల్ సిల్వర్‌తో చేస్తారు. పేరులో వెండి ఉన్నా అది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. ఆ రెండు దిమ్మెల మధ్య రేకు మీద మిగిలిన ఖాళీలోనే చెక్క కూర్చోవాలి. చాకు చేసేవారికి దక్కిన స్థలం అంతే, ఒక్కో పక్క వేలెడంత.

చెక్క జోలికి పోకముందు యంత్రాన్ని అర్థం చేసుకోవాలి. బ్లేడు మొదలు, అంటే పిడిలో దాగే భాగం, దాదాపు చతురస్రం. దాని నడుమ ఇరుసు పిన్ను కోసం రంధ్రం ఉంటుంది. స్ప్రింగును వెనక కొసన ఒక పిన్ను, మధ్యలో మరో పిన్ను పట్టి ఉంచుతాయి. ముందు కొస మాత్రం ఏ పిన్నూ లేకుండా ఆ చతురస్రం పక్క మీద ఒత్తుతూ ఉంటుంది. బ్లేడు తిప్పితే చతురస్రం మూల వచ్చి స్ప్రింగును పైకి లేపుతుంది. మూల దాటగానే స్ప్రింగు తర్వాతి పక్క మీద పడి టక్కుమంటుంది. ఇరుసు నుంచి పక్క 4 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, మూల 5.6 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. అంత ఎత్తు ఒక్కసారిగా లేస్తే స్ప్రింగు అలిసిపోతుంది కాబట్టి మూలను కాస్త గుండ్రం చేస్తారు. బ్లేడు మూసి ఉన్నప్పుడు, సగం తెరిచి ఆగినప్పుడు, పూర్తిగా తెరిచినప్పుడు స్ప్రింగు వీపు రేకుల అంచుతో ఒకే మట్టంలో ఉంటే ఆ చతురస్రపు మూడు పక్కలూ ఇరుసుకు సమాన దూరంలో ఉన్నట్టు. మూడు చోట్లా వేలికి మెట్టు తగలకపోవడం మంచి పనికి గుర్తు. మూసేటప్పుడు మొదలు దగ్గరున్న చిన్న బొడిపె ముందుగా స్ప్రింగును తాకుతుంది. అందువల్ల పదును అంచు ఉక్కుకు కొట్టుకుని మొద్దుబారదు. ఇంత ఆలోచన ఆ గోరంత భాగంలో ఇమిడి ఉంది. అది తెలిశాక ఆ టక్కు మామూలు చప్పుడుగా వినిపించదు.

ఇదంతా తాత్కాలిక పిన్నులతో ఒకసారి కూర్చి చూసుకుని, మళ్లీ విప్పి, బ్లేడు అంచుకు దళసరి టేపు చుట్టి పక్కన పెట్టాలి. ఇక చెక్క పని.

మన దగ్గర దీనికి పనికొచ్చే చెక్కకు కొదవ లేదు. జిట్రేగి, అంటే రోజ్‌వుడ్, చేవ గట్టిది, గీతలు అందమైనవి. బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టు ముదిరితే లోపల నల్లని చేవ ఉంటుంది. చింత చేవ ముదురు ఊదా గోధుమ రంగు, రంపానికి సులభంగా లొంగదు. ఎర్రచందనం మీద మోజు సహజమే కానీ, రక్షిత వృక్షం కనుక సరైన కాగితాలు లేని ముక్కను ముట్టుకోకపోవడమే మంచిది. నా మటుకు పాత మంచం కోడును మించింది లేదు. ఇంట్లో దశాబ్దాలు ఆరిన చెక్కలో పచ్చితడి మిగలదు, ఆరుతూ వంకరపోయే భయమూ ఉండదు. ఒకే ముక్కను పుస్తకం విప్పినట్టు నిలువుగా రెండు పలకలుగా కోస్తే, రెండు పక్కల గీతలూ అద్దంలో ప్రతిబింబంలా సరిపోలుతాయి.

ఇంతకీ నార ఏ దిశలో ఉండాలి? చెక్క నార పిడి పొడవునా సాగాలి. ఇది అందం కోసం చెప్పే మాట కాదు. గాలిలో తేమ మారితే చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. నార పొడవునా ఆ మార్పు లెక్కలోకి రానంత తక్కువ. రెండు బోల్‌స్టర్ల మధ్య బిగుతుగా ఇరికించేది పొడవు వైపే. అంటే చెక్క అతి తక్కువగా కదిలే దిశలోనే అతి కచ్చితమైన అతుకు పడుతుంది. హైదరాబాదు వేసవిలో చేసిన పిడి వర్షాకాలంలో విశాఖ చేరినా, బోల్‌స్టర్ దగ్గర సందు తెరుచుకోదు. అంచుల్లో మాత్రం చెక్క రేకును వెంట్రుకవాసి దాటి వేలికి తగలవచ్చు. ఈ ఏర్పాటు ఎవరు మొదలుపెట్టారో గానీ, వాళ్లకు చెక్క స్వభావం బాగా తెలుసు.

ఆ అతుకు పెట్టడమే మొత్తం పనిలో కష్టమైనది. ముందు పలక లోపలి ముఖం చదును కావాలి. మందమైన అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి, చెక్కను దాని మీద ఒకే ఒత్తిడితో రుద్దాలి. తర్వాత రేకు మీద పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే ఎక్కడా కాంతి దూరకూడదు. ఆ తర్వాత కొసలు. పలకను కావలసినదానికన్నా కొంచెం పొడవుగా కోసి, ముందు ఒక కొసను ముందు బోల్‌స్టర్‌కు సరిపెట్టాలి. బోల్‌స్టర్ ముఖానికి దీపపు మసి పలుచగా రాసి, చెక్కను దానికి ఆనించి తీస్తే, ఎత్తుగా ఉన్న చోట మాత్రమే నల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చను మాత్రమే సన్న ఆకురాయితో ఒకటి రెండు సార్లు తీసి, మళ్లీ ఆనించాలి. మొదట్లో మచ్చ ఒక మూలన చుక్కగా ఉంటుంది. పని సాగేకొద్దీ చుక్క గీతవుతుంది, గీత పట్టీ అవుతుంది, చివరికి ముఖమంతా ఒకే నలుపు పరుచుకుంటుంది. అప్పుడు రెండో కొస మొదలు. ఇక్కడ ఆకురాయి ఒక్క గీత ఎక్కువ పడిందంటే పలక పొట్టిదైపోతుంది, తిరిగి పెంచే మార్గం లేదు. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు పలక పైముఖాన్ని లోపలి ముఖం కన్నా వెంట్రుకవాసి పొడవుగా ఉంచుతారు. బొటనవేలితో ఒత్తితే చెక్క సన్నగా కిర్రుమని దిగుతుంది, పైన కనిపించే గీత మూసుకుపోతుంది. లోపల మిగిలిన సందును జిగురు నింపుతుంది.

జిగురు సంగతి చిన్నదే. ఇత్తడిని గరుకు కాగితంతో గీరి, అసిటోన్‌తో తుడవాలి. రోజ్‌వుడ్ లాంటి నూనె చెక్కనూ అలాగే తుడవాలి, లేకపోతే ఎపాక్సీ పట్టదు. బిగింపు మరీ గట్టిగా ఉంటే జిగురంతా బయటికి పోయి అతుకు ఎండిపోతుంది. ఒక రోజు కదపకూడదు.

మధ్య పిన్ను రంధ్రం రేకులో ముందే ఉంటుంది కాబట్టి, రేకు వైపు నుంచే చేతి డ్రిల్లుతో చెక్కలోకి తొలవాలి. అవతల పనికిరాని చెక్కముక్క ఆనించకపోతే డ్రిల్లు బయటపడే చోట నార చిట్లుతుంది.

తాత్కాలిక పిన్నులతో మళ్లీ కూర్చి పిడికి రూపం తేవడం ఇక్కడి నుంచి. ముతక ఆకురాయి, అర్ధచంద్రపు ఆకురాయి, ఆపైన 120, 220, 400, 600 గరుకు కాగితాలు, ఎప్పుడూ నార వెంటే. యంత్రపు బెల్టు మీద ఈ పని నిమిషాల్లో అయిపోతుంది, నిజమే. కానీ రాపిడి వేడికి జిగురు మెత్తబడుతుంది, తునికి చేవ పగులుతుంది, పొరపాటున బ్లేడు తగిలితే దాని గట్టిదనం పోతుంది. చేతి పనిముట్లకు అంత వేడి పుట్టదు. అంతకుమించిన లాభం ఇంకొకటుంది. పది గీతలకొకసారి ఆగి పిడికిట్లో పట్టి చూడవచ్చు. ఎక్కడ ఎముకకు ఒత్తుకుంటోందో అరచేయి చెబుతుంది. పిడి మీద పూలూ లతలూ చెక్కడం నాకు రుచించదు. పొట్ట దగ్గర కొంచెం నిండుగా, రెండు కొసల దగ్గర సన్నగా, మంచి గీతలున్న చెక్క ఉంటే చాలు. ఒక్కటి మరవకూడదు, రోజ్‌వుడ్ పొడి ముక్కుకూ చర్మానికీ పడదు, మాస్కు తప్పనిసరి.

చివరిది పిన్నులు బిగించడం. ఇరుసు దగ్గర బ్లేడుకూ రేకుకూ నడుమ గాడి ఉన్న పలుచని ఇత్తడి పొర దూర్చి, గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తితో పిన్ను కొసను అన్ని వైపుల నుంచీ తేలికగా తట్టాలి. పిన్ను తల విచ్చుకుని రంధ్రపు అంచు నింపుతుంది. ఆ పొరను లాగేస్తే మిగిలే సందే బ్లేడు తిరగడానికి చోటు. నాలుగు దెబ్బలు తక్కువైతే బ్లేడు ఊగుతుంది, నాలుగు ఎక్కువైతే కదలదు. అందుకే దెబ్బకూ దెబ్బకూ మధ్య తెరిచి చూస్తారు. పిన్నూ బోల్‌స్టరూ ఒకే లోహమైతే, నునుపు చేశాక పిన్ను ఎక్కడుందో కంటికి కనిపించదు. చెక్క గుండా పోయే మధ్య పిన్ను మీద మాత్రం దయ చూపాలి. లోహం విచ్చుకునే బలానికి చేవ నిలువునా చీలిపోగలదు.

పూతకు మరగబెట్టిన అవిసె నూనె వాడతారు. గాలి తగిలితే అది చెక్కలోనే గట్టిపడుతుంది. వేరుశనగ నూనె అలా ఆరక జిగటగా మిగిలి కంపుకొడుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు కాబట్టి పరిచి ఆరబెట్టాలి. పల్చగా రెండు మూడు పూతలు వేసి, ఒక్కోదాన్నీ ఆరనిచ్చి, పైన తేనెమైనం రుద్దితే పని పూర్తయినట్టే. ఇరుసులో ఒక చుక్క యంత్రపు నూనె పోసి టేపు విప్పాక, బోల్‌స్టర్ మీంచి చెక్క మీదికి గోరు జరిపి చూడాలి. అతుకు దగ్గర గోరు ఆగకూడదు.