కోలారు అన్న మాటకు ఎన్ని గళ్లు?

2001లో బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) వాళ్లలో చాలామందికి బతుకుతెరువు బెంగళూరే అయింది. అక్కడి మారికుప్పం స్టేషన్ నుంచి పొద్దున్నే బయల్దేరే రైలులో ల్యాప్‌టాప్ తెరిచి కోడ్ రాసుకునేవారికి దారిలో సిగ్నల్ పోయినా ఒక సాయం ఆగదు. వేరియబుల్ పేరు కొట్టి చుక్క పెట్టగానే, ఆ తర్వాత రాదగిన పేర్ల పట్టీ తెరుచుకుంటుంది. ఆ పట్టీ ఇచ్చేది అదే ల్యాప్‌టాప్‌లో నడిచే లాంగ్వేజ్ సర్వర్.

పూర్వం ప్రతి ఎడిటర్‌కూ ప్రతి ప్రోగ్రామింగ్ భాషనూ విడిగా నేర్పాల్సి వచ్చేది. పది ఎడిటర్లు, ఇరవై భాషలు ఉంటే రెండు వందల పనులన్నమాట. కన్నడ, తెలుగు, తమిళం కలిసి వినిపించే కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేట బజారులో బేరానికి ఒక ఉమ్మడి మాట ఎంత శ్రమ తప్పిస్తుందో, 2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్‌హ్యాట్, కోడెన్వీ ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ఇక్కడ అంత శ్రమ తప్పించింది. ప్రతి ఎడిటర్‌కూ, ప్రతి భాషకూ ఆ ప్రోటోకాల్‌ను ఒక్కసారి నేర్పితే చాలు కాబట్టి రెండు వందల పనులు ముప్పైకి దిగాయి.

ఈ ప్రోటోకాల్‌ను విమ్ ఎడిటర్‌కు తెచ్చిన ప్లగిన్లలో యెగప్పన్ లక్ష్మణన్ రాసినది నాకు బాగా నచ్చింది. ఫైల్లోని ఫంక్షన్ల పేర్లను పక్కన జాబితాగా చూపే ట్యాగ్‌లిస్ట్ కూడా ఆయనదే. కొత్త ప్లగిన్‌ను విమ్9 స్క్రిప్ట్‌లో రాశారు. మనం అక్షరం కొట్టాక మార్పు సర్వర్‌కు వెళ్తుంది. "ఫలానా వరుసలో ఫలానా గడి దగ్గర ఏమేం రావచ్చు?" అన్న ప్రశ్న వెంట వెళ్తుంది. జవాబులో పేర్లతోపాటు వాటి వివరణా ఉంటుంది. పట్టీ ఇంకా పూర్తి కాలేదని సర్వర్ చెబితే, తర్వాతి అక్షరానికి మళ్లీ అడగాలి.

అసలు పనితనమంతా ఆ 'ఫలానా గడి'లో ఉంది. విమ్ గళ్లను బైట్లలో లెక్కిస్తుంది. ప్రోటోకాల్ మొదటి నుంచీ అక్షరాలను సంకేతాలుగా మార్చే యూటీఎఫ్-16 పద్ధతి లెక్కను పట్టుకుంది. ఇంగ్లిష్ అక్షరం రెండింటిలోనూ ఒకటే, కాబట్టి ఇంగ్లిష్ మాత్రమే రాసేవారికి ఇక్కడ తప్పు జరిగినా కనబడదు. కోడ్‌లో "కోలారు" అని రాసి చూడండి. గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు. ప్రోటోకాల్‌కు అవి 6, విమ్‌కు 18. మార్చకుండా పంపితే సర్వర్ పన్నెండు గళ్లు అవతల వెతుకుతుంది. అక్కడ వరుసే అయిపోయి ఉండవచ్చు! ఎమోజీది మరో లెక్క: సాధారణంగా విమ్‌కు నాలుగు బైట్లు, ప్రోటోకాల్‌కు రెండు గళ్లు. అందుకే ఒక్క గుణకారంతో సరిపెట్టడం కుదరదు, వరుసను అక్షరం అక్షరం నడిచి లెక్కించాల్సిందే.

లక్ష్మణన్ ఈ మార్పిడిని ప్లగిన్‌లో అతుకు వేసి వదిలేయలేదు. యూటీఎఫ్-16 స్థానాన్ని లెక్కించే ఫంక్షన్‌ను 2023లో విమ్‌లోకే చేర్చారు. తన ప్లగిన్ వాడనివారికీ అది అందుతుంది. 2022లో వచ్చిన 3.17 ప్రోటోకాల్‌లో ఏ లెక్క వాడాలో ఎడిటర్, సర్వర్ ముందే ఒప్పందం చేసుకోవచ్చు. బైట్లలో లెక్కించే యూటీఎఫ్-8కు సర్వర్ ఒప్పుకుంటే విమ్ తన 18నే పంపుతుంది. ఒప్పుకోని సర్వర్ల కోసం పాత మార్పిడి ఇప్పటికీ ఉంది.