వెనక బల్ల మీది పరిశోధన

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో వార్మ్ స్ప్రింగ్స్ అనే ఆదివాసీ రిజర్వేషన్ ఉంది. అక్కడి పిల్లలు బడిలో నోరు విప్పరనేది టీచర్ల ఫిర్యాదు. 1960ల చివర్లో సూసన్ ఫిలిప్స్ అనే పరిశోధకురాలు ఆ తరగతుల్లో వెనక కూర్చుని చూడటం మొదలుపెట్టింది. టీచరు పేరు పెట్టి లేపితే మాట పెగలని పిల్లలే, నలుగురైదుగురు చేరి సొంతంగా పని చేసుకునేటప్పుడు హాయిగా మాట్లాడుకుంటున్నారు. ఇళ్లకు వెళ్లి చూస్తే కారణం తెలిసింది. అక్కడ పని నేర్చుకోవడమంటే పెద్దలు చేస్తుంటే చాలాకాలం చూడటం, చాటుగా చేసి చూసుకోవడం, చేతికొచ్చాకే నలుగురికీ చూపించడం. బడి మాత్రం ఇంకా రాకముందే అందరి ముందూ నిలబడి చెప్పమంటుంది.

సమాజం, సంస్కృతి, భాష కలిసి చదువును ఎలా మలుస్తాయో చూసే విద్యకు ఫిలిప్స్ పని ఒక ఉదాహరణ. భాషా మానవశాస్త్రవేత్త డెల్ హైమ్స్ 1975లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో విద్యా విభాగానికి డీన్ అయ్యాక, పీజీ, పరిశోధన స్థాయి చదువుగా ఈ విద్యకు అక్కడ గట్టి చోటు దొరికింది. ఇందులో పనిముట్లు తక్కువ: నోటు పుస్తకం, టేప్ రికార్డరు, బోలెడంత ఓపిక. ఎవరు మాట్లాడారు, ఎవరి మాట మధ్యలో తెగింది, ఎవరి మౌనం ఎంతసేపు సాగింది, అన్నీ రాసుకోవాలి. ఒక్క పాఠం టేపును కాగితం మీద పెట్టడానికే రోజులు పడతాయి.

ఆ ఓపికకు ఫలితం ఉంటుంది. హ్యూ మెహన్ 1979లో ప్రచురించిన పుస్తకంలో తరగతి సంభాషణ అస్థిపంజరాన్ని బయటికి తీశాడు: టీచరు అడుగుతారు, పిల్లవాడు చెబుతాడు, టీచరు బాగుందనో కాదనో తేలుస్తారు. మనమంతా ఇలాగే చదివాం కాబట్టి వింతగా తోచదు. బస్సు ఎక్కడికి పోతుందో కండక్టరే మనల్ని అడిగి, చెప్పగానే శభాష్ అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. జవాబు తెలిసినవాళ్లే ప్రశ్న అడగడం బడికి అలవాటైన మర్యాద. అది అన్ని ఇళ్లలోనూ ఉండదు.

ఈ సంగతిని షర్లీ బ్రైస్ హీత్ చూపినంత బాగా మరెవరూ చూపలేదని నా అభిప్రాయం. కరొలైనా ప్రాంతంలో బట్టల మిల్లుల చుట్టూ బతికే రెండు కాలనీల్లో ఆమె దాదాపు పదేళ్లు తిరిగింది. నల్లవారి కాలనీకి ట్రాక్టన్ అనీ, తెల్లవారి కాలనీకి రోడ్‌విల్ అనీ మారుపేర్లు పెట్టి 1983లో పుస్తకం వేసింది. రోడ్‌విల్ తల్లులు బొమ్మల పుస్తకం ముందు పెట్టి ‘ఇదేంటి?’ అని అడుగుతారు. అక్కడ కథంటే జరిగింది జరిగినట్టు చెప్పాలి, కల్పిస్తే అబద్ధం కింద లెక్క. ట్రాక్టన్‌లో పసివాళ్లను అలా అడగరు. ‘అది దేనిలా ఉంది?’ అంటారు. పెద్దల మాటల మధ్య దూరి, ఉన్నదానికి నాలుగు కలిపి రక్తి కట్టించగలిగితేనే పిల్లవాడి మాట చెల్లుతుంది. బడిలో చేరగానే ట్రాక్టన్ పిల్లలు తడబడ్డారు. రోడ్‌విల్ పిల్లలు మొదట్లో రాణించి, సొంతంగా ఊహించి రాయాల్సిన పై తరగతుల్లో వెనకబడ్డారు. అంటే బడికి పూర్తిగా సరిపడే ఇల్లు ఆ రెండింటిలో ఒక్కటీ లేదు.

హీత్ దగ్గర పీజీ తరగతులకు వచ్చినవాళ్లలో పనిచేస్తున్న టీచర్లూ ఉన్నారు. వాళ్లు తమ ప్రశ్నలను తామే పరీక్షించుకుని పాఠాలు మార్చారు. ఐదో తరగతి సైన్సులో పిల్లలే ఊరి రైతుల దగ్గరికి వెళ్లి, పంటల సంగతులు అడిగి, విన్నదాన్ని పుస్తకంలో ఉన్నదానితో పోల్చుకున్నారు. తర్వాత పరీక్షల ఒత్తిడి, పైనుంచి వచ్చిన పాఠ్యప్రణాళికల వల్ల ఇవి చాలావరకు మూలబడ్డాయని హీతే ఆ పుస్తకం చివర రాసుకుంది.

ఒకచోట పనికొచ్చిన పద్ధతి ఎక్కడైనా పనికొస్తుందా? హవాయిలో కేథరిన్ ఆవు అనే పరిశోధకురాలూ, ఆమె సహచరులూ పాఠం మధ్య పిల్లలు ఒకరి మాటలో ఒకరు దూరి మాట్లాడటాన్ని ఆపలేదు. కబుర్లలో అక్కడివాళ్లు అలాగే మాట్లాడతారు. చదవడం మెరుగైంది. అదే పద్ధతిని నవహో ఆదివాసీ పిల్లల దగ్గరికి తీసుకెళితే యథాతథంగా కుదరలేదు. వాళ్లకు కథ మొత్తం విన్నాకే చర్చ కావాలి. జట్లలో ఎవరెవరు కలిసి కూర్చోవాలన్నదీ మార్చాల్సి వచ్చింది.

ఈ విద్యకో ప్రమాదమూ ఉంది. ‘వాళ్ల సంస్కృతే అంత’ అని తేల్చేస్తే తెలివి తక్కువనే పాత ముద్రకు కొత్త పేరు పెట్టినట్టే. రే మెక్‌డెర్మాట్ ఇక్కడే పట్టుకున్నాడు. ఆడమ్ అని తాను పేరు పెట్టిన పిల్లవాడు వంట క్లబ్బులో నెగ్గుకొస్తాడు, పరీక్ష పెట్టినప్పుడు అసమర్థుడిగా కనిపిస్తాడు. లోపం ఎక్కడుందో వెతకాలంటే పిల్లవాడి తలలోకి తొంగి చూస్తే సరిపోదు, ఆ క్షణంలో చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారో చూడాలన్నాడు.

మన దగ్గర, ఈ విద్యలో డిగ్రీల ఊసు లేకుండానే గిడుగు రామమూర్తి పర్లాకిమిడి ప్రాంతంలో సవరలనే ఆదివాసీల మాట నేర్చుకున్నాడు. వాళ్ల భాషలో పుస్తకాలు రాసి, బడులు నడిపాడు. 1931లో ఆ భాష మీద ఆయన రాసిన పుస్తకం వచ్చింది. సవర లెక్కలో పదమూడంటే పన్నెండు మీద ఒకటి. తొంభై మూడంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. అలా లెక్కించే పిల్లవాడికి పదుల స్థానం నేర్పే టీచరుకు ఈ సంగతి తెలియకపోతే, తప్పు జవాబే కనిపిస్తుంది, దాని వెనకున్న లెక్క కనిపించదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టినప్పుడు సవరకూ చోటు దొరికింది. పాఠ్యపుస్తకం ఆ భాషలో అచ్చయినంత మాత్రాన ప్రశ్న అడిగే తీరు మారిందా లేదా అన్నది, ఎవరైనా ఆ తరగతిలో వెనక కూర్చుని రాసుకుంటేనే తేలుతుంది.