‘ట్విస్టర్స్’లో లేని చలికాలం

2024లో విడుదలైన ‘ట్విస్టర్స్’ చిత్రాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. దర్శకుడు లీ ఐజాక్ చంగ్. 1996 నాటి ‘ట్విస్టర్’కు ఇది కొనసాగింపు లాంటిది. వినోదం సంగతి అలా ఉంచి, ఇందులోని సైన్సుకు ఎన్ని మార్కులు వేయవచ్చో చూద్దాం.

ఒక దృశ్యానికి పూర్తి మార్కులు. టోర్నడో తరుముకు వస్తుంటే విద్యార్థులు రోడ్డు వంతెన కింద తలదాచుకుంటారు. అది వారిని కాపాడదు. వంతెన కింది ఇరుకులో గాలి జోరు ఇంకా పెరుగుతుంది. 1999 మే 3న ఓక్లహోమాలో ఇలా దాక్కున్నవారిలో ముగ్గురు మరణించారు.

ఇక నీరు పీల్చే పొడిని చల్లి నాయిక టోర్నడోను అణచడం! పసిపిల్లల డయాపర్లలో వాడే పదార్థమే అది. తన బరువుకు 300 రెట్లు నీరు పీలుస్తుందనుకోండి. పెద్ద ఉరుముల మేఘంలో నీరు లక్షల టన్నులు ఉంటుంది. ఒక్క లక్ష టన్నులకే ఎంత పొడి కావాలో మీరే లెక్క కట్టండి: 300 టన్నులు దాటుతుంది. ఆమె దగ్గర ఉన్నవి కొన్ని పీపాలు.

నా అసలు అభ్యంతరం వేరు. కథంతా ఓక్లహోమా మైదానాల్లో, అక్కడి మామూలు సీజన్‌లోనే నడుస్తుంది. భిలాయ్ సెక్టార్లలో ఉండే తెలుగు విద్యార్థికి ఇది ఎక్కడో, ఏదో ఒక ఋతువులో జరిగే వింతగా మిగిలిపోతుంది. నిజానికి ఇలాంటి మేఘానికి కావలసినవి కింద తేమతో కూడిన వెచ్చని గాలి, పైన చల్లని గాలి, ఎత్తుతో పాటు గాలి వేగమూ దిశా బాగా మారడం, గాలిని పైకి నెట్టే ఒక కారణం. చలికాలంలో మొదటిది అరుదు, మూడోది పుష్కలం. 2021 డిసెంబరు 10 రాత్రి అమెరికాలో మొదటిదీ దొరికింది. ఒకే టోర్నడో సుమారు 266 కిలోమీటర్లు సాగి 57 మందిని బలిగొంది. కెంటకీ రాష్ట్రం మేఫీల్డ్‌లోని కొవ్వొత్తుల కర్మాగారంలో రాత్రి షిఫ్టు చేస్తున్నవారూ మృతుల్లో ఉన్నారు. హెచ్చరికలు ముందే వెలువడ్డాయి.

మన దేశంలో టోర్నడోలు అరుదే గాని లేకపోలేదు. 1978 మార్చి 17న ఉత్తర ఢిల్లీలో 28 మంది చనిపోయారు. అయితే ఛత్తీస్‌గఢ్‌లో ఎక్కువగా జాగ్రత్త పడవలసింది పిడుగులు, వడగళ్లు, మేఘం నుంచి ఒక్కసారిగా కిందికి దూకే గాలుల విషయంలో. ఇవి ఎండాకాలం దాకా ఆగవు. జనవరి, ఫిబ్రవరిలో ఉత్తరాదిన వెస్టర్న్ డిస్టర్బెన్స్ కదిలినప్పుడు బంగాళాఖాతం తేమ ఇటు మళ్లితే చాలు. రేకుల షెడ్లు, ఎత్తైన క్రేన్లు ఉన్న ఉక్కు పట్టణంలో నష్టం జరగడానికి టోర్నడోయే రానక్కరలేదు.

వాతావరణ శాఖ జిల్లాల వారీగా వచ్చే మూడు గంటలకు హెచ్చరికలు ఇస్తుంది. పిడుగులకు ‘దామిని’ యాప్ ఉంది. జనవరిలో ఒక రాత్రి రెండు గంటలకు దుర్గ్ జిల్లాకు అలాంటి హెచ్చరిక వస్తే, షిఫ్టులో ఉన్న మీ నాన్నగారికి ఆ కబురు ఎవరు, ఎలా చేరవేస్తారు? ఇంట్లో అడిగి చూడండి.